స్నేహితుడికి కాదన్న న్యాయమూర్తి

నేను బడిలో పనిచేస్తున్న రోజులలో, సాయంకాలం పిల్లలు చెడుగుడు ఆడుతూ ఉంటే తీర్పరిగా నిలబడేవాణ్ణి. కొన్నాళ్ళకు ఆ పనిని పిల్లలకే వంతులవారీగా అప్పగించాను. అప్పుడు నాకొక చిత్రం కనిపించింది. ఎంత చురుకుగా ఆడే కుర్రవాడైనా సరే, తీర్పరి పని అనేసరికి "నాకు వద్దు మాస్టారూ!" అని వెనక్కు తగ్గేవాడు. ఎందుకురా అని అడిగితే ఒకడు ఉన్న నిజం చెప్పేశాడు.

"అవతలి జట్టులో వాడు నా బల్ల మీదే కూర్చుంటాడండీ. వాడి కాలు గీత దాటింది. చూసి కూడా చెప్పకపోతే తప్పు. చెపితే రేపటి నుంచి వాడు నాతో మాట్లాడడు."

తీర్పు చెప్పడంలో ఉండే కష్టమంతా ఆ కుర్రవాడి మాటలోనే ఉన్నది. ఏది ఒప్పో, ఏది తప్పో తెలుసుకోవడం ఒక కష్టం. తెలుసుకున్నదాన్ని పైకి చెప్పి, దాని ఫలితం అనుభవించడం అంతకంటే పెద్ద కష్టం. ఆ రెండు కష్టాలనూ ఏళ్ళ తరబడి మోసిన ఒక న్యాయమూర్తి కథ మీకు చెపుతాను. ఆయన పేరు ఫ్రాంక్ జాన్సన్. ఆయనది అమెరికా దేశానికి దక్షిణాన ఉన్న అలబామా రాష్ట్రం.

ఫ్రాంక్ 1918 అక్టోబరు 30న హేలీవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. ఏడుగురు పిల్లలలో అతనే పెద్దవాడు. తల్లి పేరు కూడా చిత్రంగా అలబామాయే! వారి ఊరు విన్‌స్టన్ కౌంటీలో ఉన్నది. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. కొండలూ, అడవులూ, చిన్న చిన్న కమతాలూ ఉన్న ప్రాంతం అది. బానిసలను పెట్టుకుని పెద్ద పత్తితోటలు సాగుచేసే ధనికులు అక్కడ బహు తక్కువ.

ఆ కౌంటీకి ఒక చరిత్ర ఉన్నది. 1861లో బానిసత్వాన్ని నిలుపుకోవడం కోసం అలబామా రాష్ట్రం అమెరికా నుంచి విడిపోయింది. ఆ విషయం తేల్చే సభకు విన్‌స్టన్ ప్రజలు తమ ప్రతినిధిగా ఒక కుర్ర బడిపంతులును పంపించారు. అతని పేరు క్రిస్టఫర్ షీట్స్. విడిపోయే పత్రం మీద సంతకం చేయనన్నాడు. చివరకు జైలుకు కూడా పోయాడు. నలుగురూ ఒక దారిన పోతున్నా, తనకు తప్పని తోచిన దారిన పోకపోవడం ఆ కొండప్రాంతంలో పరువైన సంగతి. ఫ్రాంక్ పెరిగింది అటువంటి చోట.

పెద్దవాడై అతను అలబామా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాడు. అక్కడ అతనికి జార్జి వాలెస్ అనే సహాధ్యాయి ఉండేవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. కథలో మళ్ళీ వస్తుంది. 1943లో చదువు ముగిసింది. అప్పుడు రెండవ ప్రపంచయుద్ధం జరుగుతున్నది. ఫ్రాంక్ సైన్యంతో పాటు యూరపుకు వెళ్ళి, ఫ్రాన్సులో జరిగిన పోరాటంలో రెండుసార్లు గాయపడ్డాడు. తిరిగివచ్చి జాస్పర్ అనే ఊళ్ళో వకీలుగా కుదురుకున్నాడు. 1953లో ప్రభుత్వం తరఫున కేసులు నడిపే ఉద్యోగం వచ్చింది. 1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఆయనను ఫెడరల్ న్యాయమూర్తిగా నియమించాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఫెడరల్ న్యాయమూర్తి అంటే ఏమిటో ఇక్కడ కొంచెం తెలుసుకోవాలి. మన దేశంలో న్యాయస్థానాలన్నీ ఒకే నిచ్చెనకు మెట్లు. కింద జిల్లా కోర్టు, దాని పైన హైకోర్టు, అన్నిటికీ పైన సుప్రీంకోర్టు. అమెరికాలో రెండు నిచ్చెనలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఆయా రాష్ట్రాలది, రెండవది దేశం మొత్తానిది. ఈ రెండవ దాన్నే ఫెడరల్ న్యాయవ్యవస్థ అంటారు. దేశ రాజ్యాంగం ఇచ్చిన హక్కును ఒక రాష్ట్రం కాలరాస్తే, పౌరుడు ఫెడరల్ కోర్టు తలుపు తట్టవచ్చు.

అమెరికాలో చాలా రాష్ట్రాలలో రాష్ట్ర న్యాయమూర్తులను ప్రజలే ఓట్లు వేసి ఎన్నుకుంటారు. ఫెడరల్ న్యాయమూర్తి సంగతి అది కాదు. అధ్యక్షుడు పేరు సూచిస్తాడు, సెనేటు ఆమోదిస్తుంది. ఆ తరువాత, సత్ప్రవర్తనతో ఉన్నంత కాలం జీవితాంతం ఆయనను ఎవరూ దించలేరు. జీతం కూడా తగ్గించకూడదు. మన దేశంలో హైకోర్టు న్యాయమూర్తి 62వ ఏట, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65వ ఏట విరమించుకుంటారు. అక్కడ ఆ లెక్క కూడా లేదు. ఇంత రక్షణ ఎందుకో మీకే తెలుస్తుంది.

జాన్సన్ కొలువు మాంట్గమరీ నగరంలో. అది అలబామా రాజధాని. ఆ రోజులలో అక్కడ తెల్లవారికి ఒక న్యాయం, నల్లజాతివారికి ఒక న్యాయం. సిటీ బస్సులో ముందు సీట్లు తెల్లవారివి, వెనక సీట్లు నల్లవారివి. తెల్లవారి సీట్లు నిండిపోతే నల్లవారు లేచి తమ సీటు ఇవ్వాలి. 1955 మార్చి 2న క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ బడిపిల్ల లేవనన్నది. పోలీసులు ఆ పిల్లను బస్సులో నుంచి ఈడ్చి, చేతులకు సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. ఆ డిసెంబరు 1న రోజా పార్క్స్ అనే కుట్టుపనిచేసే ఆమె కూడా లేవనన్నది. ఆమెనూ అరెస్టు చేశారు. దానితో నల్లజాతివారంతా బస్సులెక్కడం మానేశారు. మార్టిన్ లూథర్ కింగ్ అనే యువకుడైన మతబోధకుడు వారికి నాయకుడయ్యాడు. జనం పనులకు నడిచి పోయారు. అలా 381 రోజులు నడిచారు.

ఇంతలో నలుగురు నల్లజాతి స్త్రీలు ఫెడరల్ కోర్టులో దావా వేశారు. వారిలో క్లాడెట్ కాల్విన్ కూడా ఉన్నది. దావా విన్నది ముగ్గురు న్యాయమూర్తులు. అందరిలోకి చిన్నవాడు జాన్సన్. విచారణ అయినాక ముగ్గురూ ఒక గదిలో కూర్చున్నారు. పెద్దవాడైన జడ్జి రైవ్స్, ముందుగా నీ మాట చెప్పమని చిన్నవాడైన జాన్సన్‌ను అడిగాడు. పెద్దలు ముందు చెప్పేస్తే చిన్నవారు మొహమాటపడి వారి మాటకే తలూపుతారు కదా! బస్సులలో ఈ విభజనను చట్టంతో విధించడం రాజ్యాంగానికి విరుద్ధమని జాన్సన్ తడుముకోకుండా చెప్పాడు. రైవ్స్ కూడా అదే అన్నాడు.

మూడవ న్యాయమూర్తి లిన్ ఒప్పుకోలేదు. ఆయన వాదన కూడా తెలుసుకోవాలి. వేరువేరుగా ఉంచినా, సమానంగా చూస్తే తప్పులేదని 1896లో సుప్రీంకోర్టు చెప్పింది. 1954లో అదే సుప్రీంకోర్టు, బడుల విషయంలో ఆ మాట చెల్లదన్నది. బస్సుల సంగతి అది చెప్పలేదు కనుక పాత తీర్పే నిలుస్తుందని లిన్ అన్నాడు. బడిలో తప్పయినది బస్సులో ఒప్పు ఎలా అవుతుందని మిగిలిన ఇద్దరి అభిప్రాయం. 1956 జూన్ 5న ఇద్దరి మాటే తీర్పు అయింది. నవంబరు 13న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. డిసెంబరు 21న నల్లవారు మాంట్గమరీ బస్సులలో తమకు నచ్చిన సీటులో కూర్చున్నారు.

ఇక జాన్సన్ ఇంటికి కష్టాలు మొదలయ్యాయి. బెదిరింపు ఉత్తరాలు వచ్చేవి. అర్ధరాత్రి ఫోను మోగేది. ముసుగులు వేసుకు తిరిగే కూక్లక్స్ క్లాన్ అనే దుర్మార్గపు ముఠా మనుషులను భయపెట్టడానికి సిలువను తగలబెట్టేది. అటువంటి సిలువ ఒకటి ఆయన ఇంటి ముందు కూడా మండింది. పాత స్నేహితులు ఎదురుపడితే మొహం తిప్పుకున్నారు. ఏళ్ళ తరబడి ఆయన ఇంటికి ప్రభుత్వం కాపలా పెట్టవలసివచ్చింది. 1967లో ఆయన తల్లి ఇంటి మీద బాంబు వేశారు. ఆమెకు దెబ్బ తగలలేదు. ఆమె ఆ ఊరు విడిచి పోనూ లేదు.

ఆలోచించండి. జాన్సన్ ఓట్లతో ఎన్నికైన న్యాయమూర్తి అయితే మరుసటి ఎన్నికలలో ఏమయ్యేవాడు? న్యాయమూర్తికి జీవితాంతం పదవి ఇచ్చింది ఆయన సుఖం కోసం కాదు. పదిమందికీ కోపం తెప్పించే న్యాయం చెప్పడానికి ఆయన భయపడకూడదని ఇచ్చారు.

ఇప్పుడు జార్జి వాలెస్ కథలోకి వస్తాడు. అతను కూడా న్యాయమూర్తి అయ్యాడు. అయితే ఎన్నికైన రాష్ట్ర న్యాయమూర్తి. నల్లజాతివారిని ఓటర్ల జాబితాలో చేరనివ్వడం లేదన్న ఫిర్యాదును విచారించడానికి దేశ ప్రభుత్వం ఒక కమిషన్‌ను వేసింది. వాలెస్ అధికారం కింద రెండు కౌంటీలలో ఓటర్ల రికార్డులు ఉన్నాయి. కమిషన్ వాటిని చూపించమన్నది. వాలెస్ చూపించనన్నాడు. చూపించి తీరాలని జాన్సన్ ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞ మీరితే కోర్టు ధిక్కారం. దానికి శిక్ష జైలు.

1959 జనవరిలో ఒక రాత్రి వాలెస్ జాన్సన్ ఇంటికి వచ్చాడు. ఆ రాత్రి మాట్లాడుకున్నదేమిటో జాన్సన్ తరువాత కాలంలో చెప్పాడు. ఏవో కొద్దిరోజులు మాత్రం జైలులో పెట్టమనీ, అది తనకు రాజకీయాలలో మేలు చేస్తుందనీ వాలెస్ అడిగాడట. ప్రజల కోసం జైలుకు పోయాడని పేరు వస్తుంది, కష్టమూ ఉండదు. చదువుకునే రోజులలో కలిసి తిరిగిన స్నేహితుడు, రాత్రివేళ ఇంటికి వచ్చి అడుగుతున్నాడు. జాన్సన్ ఒప్పుకోలేదు. రికార్డులు ఇవ్వకపోతే కొద్దిరోజులు కాదు, తన చేతిలో ఉన్నంత శిక్షా వేస్తానని చెప్పి పంపేశాడు.

వాలెస్ బయట ధిక్కరిస్తున్నట్టు కనిపిస్తూనే, రికార్డులను స్థానిక జూరీ సంఘాలకు ఇచ్చి, వారి ద్వారా కమిషన్‌కు అందేటట్టు చేశాడు. ఈ సంగతి జాన్సన్ కనిపెట్టాడు. ఆజ్ఞ చాటుమాటుగానైనా అమలు జరిగింది కనుక ధిక్కారం లేదని తీర్పు రాసి వాలెస్‌ను విడిచిపెట్టాడు. కోపంతో జైలుకు పంపి ఉంటే వాలెస్ కోరిక తీరేది. స్నేహంతో తేలిక శిక్ష వేసి ఉన్నా వాలెస్ కోరికే తీరేది. జాన్సన్ కోపాన్నీ స్నేహాన్నీ పక్కన పెట్టి, జరిగినదేమిటో దాన్నే చూశాడు. తరువాత వాలెస్ జాన్సన్‌ను సభలలో తిట్టి తిట్టి ఓట్లు అడిగాడు. 1963లో అలబామా గవర్నరు అయ్యాడు.

జాన్సన్ ఎప్పుడూ నల్లవారి పక్షమే తీర్పు చెప్పేవాడని మీరు అనుకోవచ్చు. అలా కాదు. టస్కీగీ అనే ఊరి కథ వినండి. ఆ ఊరి ఎల్లలు చతురస్రంగా ఉండేవి. 1957లో రాష్ట్ర శాసనసభ ఆ చతురస్రాన్ని 28 భుజాలు గల వంకరటింకర ఆకారంగా మార్చింది. లెక్కల తరగతిలో అటువంటి బొమ్మ గీసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది! ఎందుకు మార్చారు? కొత్త గీతల వల్ల సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరూ ఊరి బయటపడ్డారు. తెల్ల ఓటరు ఒక్కడు కూడా బయటపడలేదు.

దావా జాన్సన్ దగ్గరకు వచ్చింది. ఎల్లలు గీయడం శాసనసభ పని, అందులో కోర్టు జోక్యం చేసుకోకూడదని అప్పటికి ఉన్న పై కోర్టు తీర్పులు చెప్పుతున్నాయని ఆయన దావాను కొట్టేశాడు. 1960లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగదోసింది. ఓటుహక్కు లాక్కోవడానికి గీసిన గీత ఉత్త గీత కాదన్నది. జాన్సన్ ఆ మాటను తలదాల్చి, 1961లో ఆ శాసనం చెల్లదని తీర్పు చెప్పాడు. న్యాయమూర్తి కూడా మనిషే, పొరపడతాడు. అందుకే పైన ఇంకొక మెట్టు ఉన్నది. పై మెట్టు దిద్దినప్పుడు బింకానికి పోకుండా దిద్దుకోవడం కూడా న్యాయమూర్తి ధర్మమే.

ఇక అందరికంటె ఎక్కువగా ఆయనను గుర్తుంచుకునేటట్టు చేసిన సంగతి 1965లో జరిగింది. మాంట్గమరీకి 54 మైళ్ళ దూరాన సెల్మా అనే పట్టణం ఉన్నది. అక్కడ నల్లజాతి వయోజనులలో నూటికి ఇద్దరు ముగ్గురికి మాత్రమే ఓటు ఉండేది. అన్యాయాన్ని గవర్నరుకు చెప్పుకుందామని మార్చి 7న సుమారు 600 మంది సెల్మా నుంచి రాజధానికి నడక ప్రారంభించారు. ఊరి చివర వంతెన దాటగానే పోలీసులు లాఠీలతో, భాష్పవాయువుతో, గుర్రాలతో వారి మీద పడ్డారు. ఆ గవర్నరు ఎవరో చెప్పనక్కరలేదు, వాలెస్సే.

నడిచినవారు జాన్సన్ కోర్టుకు వచ్చారు. ఆయన ముందుగా ఏం చేశాడో తెలుసా? విచారణ పూర్తయ్యేవరకు నడక ఆపమన్నాడు! చాలామంది నిరుత్సాహపడ్డారు. కాని రెండు పక్షాల మాటా వినకుండా ఏ పక్షానికీ మేలు చేయకూడదని ఆయన నియమం. కొద్దిరోజులు సాక్ష్యాలు విన్నాడు. వంతెన దగ్గర తీసిన చలనచిత్రాన్ని కోర్టు హాలులోనే వేయించి చూశాడు. నడిచేవారు ఎంతమంది, ఎంత దూరం, రాత్రి ఎక్కడ పడుకుంటారు అన్న వివరాలతో సహా పథకం రాసి ఇమ్మన్నాడు.

మార్చి 17న తీర్పు వచ్చింది. రహదారి అందరిదీ, బండ్లు పోవడానికి దారి ఉండాలి, అదీ హక్కే. అయితే అన్యాయం ఎంత పెద్దదో, దాన్ని చాటుకునే హక్కు కూడా అంత పెద్దదిగా ఉండాలి. ఇక్కడ జరిగిన అన్యాయం బహు పెద్దది కనుక నడక సాగవచ్చు. ప్రభుత్వం వారికి రక్షణ ఇవ్వాలి. ఇదీ తీర్పు సారాంశం. అయితే రోడ్డు ఇరుకుగా ఉన్నచోట 300 మందికి మించి నడవకూడదన్నాడు.

రాష్ట్ర ప్రభుత్వం రక్షణ ఇవ్వలేనంటే, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సైనికులను పంపించాడు. ఈ ఇద్దరు జాన్సన్లకూ బంధుత్వం లేదు. మార్చి 21న బయలుదేరినవారు అయిదు రోజులు నడిచి 25న మాంట్గమరీ చేరారు. చేరేసరికి జనం 25,000 అయ్యారు. ఆ ఆగస్టు 6న, నల్లజాతివారి ఓటుహక్కును కాపాడే శాసనం మీద అధ్యక్షుడు సంతకం చేశాడు.

జాన్సన్ ఇచ్చిన మరొక తీర్పు చెప్పి ముగిస్తాను. అలబామాలోని బ్రైస్ ఆస్పత్రిలో మానసిక రోగులు 5,000 మందికి పైగా ఉండేవారు. వారిని బాగుచేయడానికి వైద్యులు చాలరు. ఒక్కొక్క రోగి తిండికి రోజుకు 50 సెంట్లు కూడా ఖర్చు పెట్టేవారు కాదు. ఆ రోగులు ఊరేగింపుగా రాలేరు, ఓటు వేయలేరు. వారిలో రికీ వాయట్ అనే 15 ఏళ్ళ కుర్రవాడి పేర దావా వచ్చింది. చికిత్స చేస్తామని చెప్పి తెచ్చి, చికిత్స చేయకుండా బంధించడం చట్టం కాదని 1971లో జాన్సన్ తీర్పు చెప్పాడు. పరిస్థితి చక్కదిద్దుకోమని రాష్ట్రానికి ఆరు నెలల గడువు ఇచ్చాడు. ఫలితం లేకపోయేసరికి 1972లో, ఎనిమిదిమంది రోగులకు ఒక మరుగుదొడ్డి ఉండాలి అన్నంత వివరంగా నియమాలు రాసి ఇచ్చాడు.

జడ్జి పరిపాలన కూడా తానే చేస్తాడా అని కొందరు తప్పు పట్టారు. పట్టదగిన ప్రశ్నే. కాని పరిపాలించవలసినవారు పట్టించుకోకపోతే నోరులేనివాడు ఎక్కడికి పోవాలి? దీనికి మీరే ఆలోచించి జవాబు చెప్పాలి. ఆ కేసు 2003 దాకా సాగింది. ఆ తీర్పును చూసి ఇతర రాష్ట్రాలు కూడా తమ ఆస్పత్రులను సవరించుకున్నాయి.

1979లో జాన్సన్ పై కోర్టుకు వెళ్ళాడు. 1992లో మాంట్గమరీ ఫెడరల్ కోర్టు భవనానికి ఆయన పేరే పెట్టారు. ఒకప్పుడు ఆయనను చూసి మొహం తిప్పుకున్న ఊరే అది! 1995లో అధ్యక్షుడి స్వాతంత్ర్య పతకం లభించింది. 1999 జూలై 23న, 80వ ఏట ఆయన మరణించాడు.

న్యాయమూర్తి చేతిలో కత్తి ఉండదు, ఖజానా ఉండదు. ఉన్నది కాగితం, కలం. ఆ కాగితం మీద రాసిన మాటకు ఊరంతా తలవంచడం ఎందువల్ల? రాసినవాడు తనవాడికీ పరాయివాడికీ ఒకే గీత గీశాడని జనానికి నమ్మకం కలిగినందువల్ల. ఆ నమ్మకం ఒక్క రోజులో రాదు. ఒక్క రోజులో పోగలదు.

చెడుగుడు తీర్పరిగా ఉండనన్న ఆ కుర్రవాణ్ణి నేను మర్నాడు మళ్ళీ నిలబెట్టాను. ఆటలో అతని స్నేహితుడి కాలు నిజంగానే గీత దాటింది. కుర్రవాడు ఒక క్షణం నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. "అవుట్!" అన్నాడు. స్నేహితుడు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగవ రోజు ఆటకు తీర్పరి కావలసివస్తే, వాణ్ణే పెట్టమని అడిగినవాడు ఆ స్నేహితుడే.